ఏం పని మీద పోతున్నరు?

జనగామ స్టేషన్లో సంచితో నిలబడ్డ మనిషిని తెలిసినవాళ్లు అడిగే మొదటి మాట, "ఏం పని మీద పోతున్నరు?" దానికి మన దగ్గర జవాబులు సిద్ధంగా ఉంటాయి. పెళ్లికి, చావుకి, దవాఖానకి, కోర్టు వాయిదాకి, కొమురెల్లి మల్లన్న మొక్కుకి. ఇవేవీ కాకుండా "ఏం లేదు, సముద్రం ఒడ్డున ఒక రాత్రి ఉండి వస్తం" అని చెప్పి చూడండి. అడిగినాయన మీ ముఖం వైపు ఒకసారి, మీ సంచి వైపు ఒకసారి చూస్తాడు. పైసలన్నా ఎక్కువై ఉండాలి, ఇంట్లో కొట్లాటన్నా అయి ఉండాలి అని ఆయన లెక్క.

ఆయన్ని తప్పు పట్టలేం. ఇల్లు విడిచి నీటి పక్కన రాత్రి గడపడం మనకు కొత్త కాదు. రెండేళ్లకోసారి మేడారం పోయి, జంపన్నవాగులో మునిగి, చెట్టు కింద టార్పాలిన్ కట్టుకుని పడుకున్నవాళ్లమే. కానీ అక్కడికి బంగారం అని పిలుచుకునే బెల్లం మోసుకుపోతాం, తల్లులకు మొక్కు అప్పజెప్పుకుంటాం. అంటే పని ఉంది. పని లేని ప్రయాణమే మనకు చేతకాదు. ఆ చేతకానితనం గురించే ఈ అధ్యాయం. ఒక రాత్రికి పూల్ విల్లా అద్దెకు తీసుకుని, ఆ రాత్రిని కూడా పనిగా మార్చుకుని, ఇంటికొచ్చాక రెండు రోజులు నడుం పట్టుకుని పడుకున్న ఒక కుటుంబం గురించి. ఆ కుటుంబం మాదే.

మేం ముగ్గురం తోబుట్టువులం. అక్క మహబూబాబాద్ (మేం మానుకోట అంటాం) దగ్గరి పల్లెలో ఉంటుంది, బావది మిర్చి వ్యవసాయం. నేను జనగామలో టీచర్ని, అమ్మ నా దగ్గరే. తమ్ముడు భూపాలపల్లిలో, సింగరేణి వాళ్ల కాకతీయ ఖని గనుల్లో పనిచేస్తాడు. మూడు ఊళ్లకూ సముద్రం దూరం. పేరులో మాత్రం దగ్గరే. మహబూబాబాద్ దగ్గర్లోని ఒక స్టేషను కేసముద్రం. బయ్యారంలో గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిన చెరువుకి శాసనంలో ఉన్న పేరు ధర్మకీర్తి సముద్రం. కాకతీయుల వంశక్రమం తెలుసుకోవడానికి చరిత్రకారులకు ఆ చెరువు శాసనం పెద్ద ఆధారం. ఉప్పునీళ్లు చూడని నేల మీద చెరువునే సముద్రమని పిలుచుకున్నారంటే, నీళ్ల మీద మనవాళ్లకున్న ఆశ ఎంతటిదో!

ఆ ఆశే మనకు అడ్డం కూడా. ఎందుకో తర్వాత చెప్తాను.

*

మూడేళ్ల కింద మొదటిసారి పోయాం. రెండు కార్లు, పదకొండు మంది. చీరాల పక్క తీరంలో ఒక విల్లా. ఫొటోల్లో పూల్ అంచుకు ఆనుకునే సముద్రం ఉంది. పోయి చూస్తే, డాబా ఎక్కి సరుగుడు తోటల మీదుగా మెడ చాపితే దూరంగా ఒక నీలం గీత. అడిగితే "సీ వ్యూ అన్నాం సార్, సీ ఫ్రంట్ అనలేదు కదా" అన్నాడు అక్కడి మనిషి. మాటలో తేడా ఉన్నట్టు ఆ రోజే తెలిసింది.

తప్పంతా ఆయనదే అనను. మేం తీసుకుపోయిన సామాను వింటే మీకే అర్థమవుతుంది. రైస్ కుక్కరు, అయిదు కిలోల బియ్యం, పులిహోర, సకినాలు, మూడు రకాల పచ్చళ్లు, చివరికి పోపుల డబ్బా. పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, వంటింటిని చంకన పెట్టుకుని పోయాం. విల్లాలో గ్యాస్ పొయ్యి ఉందని తెలిసి ఆడవాళ్లమే సంబరపడ్డాం, "మంచిగయింది, బయట తినే బాధ లేదు" అని.

తిరిగొచ్చాక ఒకరోజు, మార్కులు వేసే కాగితాల వెనక లెక్క రాశాను. మధ్యాహ్నం రెండుకు గది ఇచ్చారు, మర్నాడు పదకొండుకు ఖాళీ చేయమన్నారు. అంటే మేం కొన్నది ఇరవై ఒక్క గంటలు. అందులో నిద్ర అయిదు. వంట, అంట్లు అయిదు. చికెన్ కోసం, పెరుగు కోసం ఊళ్లోకి తిరిగింది గంటన్నర. సముద్రానికి కార్లలో పోయి రావడం రెండు. ఫొటోలు రెండు. పూల్లో రెండు. తయారవడం, సర్దడం రెండు. పగిలిన గ్లాసుకు బిల్లులో ఎంత వేశారో వాదించింది అరగంట. మిగిలింది ఒక్క గంట. ఆ గంటలో అమ్మ నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో కూడా ఎవరో పిలిచారు, "అమ్మా, ఉప్పు ఏడ పెట్టినవ్?"

మీరు ఇప్పటికే అలాంటి ట్రిప్పు చేసి ఉంటే, ఆ లెక్క మీరూ ఒకసారి కాగితం మీద రాయండి. ఎవరు ఎన్ని గంటలు ఏం చేశారో విడివిడిగా. ఇంట్లో మగవాళ్ల కాగితం ఒకలా, ఆడవాళ్ల కాగితం ఇంకోలా వస్తుంది. ఆ తేడా చూడకుండా రెండో ట్రిప్పు వేసుకోకండి.

*

సెలవు వల్ల మనిషికి ఏం ఒరుగుతుందో కొలిచినవాళ్లున్నారు. 2010లో నెదర్లాండ్స్‌లో యెరూన్ నావైన్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 1,530 మందిని పరిశీలించారు. ట్రిప్పు పోబోయేవాళ్లు, పోనివాళ్లకన్నా ముందునుంచే సంతోషంగా ఉన్నారు. పోయి వచ్చాక మాత్రం ఇద్దరికీ పెద్ద తేడా లేదు. ఒక్క తరహా మనుషులకే కాస్త మిగిలింది: ట్రిప్పు చాలా ప్రశాంతంగా గడిచిందని చెప్పినవాళ్లకి. "పర్వాలేదు, ప్రశాంతంగానే గడిచింది" అన్నవాళ్లకు కూడా ఏమీ మిగల్లేదు. మా మొదటి ట్రిప్పు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

జర్మనీలో సబీనా జొనెన్‌టాగ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, షార్లెట్ ఫ్రిట్జ్‌తో కలిసి 2007లో మనిషి అలసట తీరే దారులు నాలుగని చెప్పారు. పని నుంచి మనసు తెగడం, ఒళ్లు వదులవడం, కొత్తదేదో చేతకావడం, మన సమయం మన చేతిలో ఉండటం. నా అనుభవంలో నాలుగోదే అన్నిటికన్నా బరువైనది, మన ఇళ్లలో ఆడవాళ్లకు ఎన్నడూ దొరకనిదీ అదే. పని తక్కువైనంత మాత్రాన అమ్మకి అలుపు తీరదు. ఏ క్షణమైనా ఎవరో ఒకరు పిలుస్తారన్న ఎదురుచూపు పోతేనే తీరుతుంది. పూల్ విల్లాలో మీరు నిజంగా కొనాల్సింది ఆ పిలుపు లేని సమయాన్ని. నీలం టైల్సు దానికి తోడు మాత్రమే.

ఇంకో సంగతి చెప్తే మీకు నిరాశ కలగొచ్చు. ఒక్క రాత్రికి పోయి హాయిగా నిద్రపోతామనుకోవడం పొరపాటు. కొత్త చోట మొదటి రాత్రి మెదడులో ఒక సగం రెండో సగమంత గాఢంగా నిద్రపోదని 2016లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో మసాకో తమాకి, యుకా ససాకి బృందం చూపించింది. కొత్త చోట కాపలా కాస్తుందన్నమాట. బాతులు, డాల్ఫిన్లు సగం మెదడుతో నిద్రపోతాయని చిన్నప్పుడు చదివి ఆశ్చర్యపోయేదాన్ని, మనమూ కొంత ఆ జాతే. కాబట్టి నిద్ర మీద ఆశ పెట్టుకోకండి. ఇంటి దిండు గలీబు, కప్పుకునే పాత దుప్పటి తీసుకుపోతే ఒంటికి కొంత తెలిసిన వాసన ఉంటుంది. నిద్ర రాకపోతే బాధపడకండి. ఆ మెలకువ కూడా పనికొస్తుంది, మా తమ్ముడి సంగతి చెప్పినప్పుడు మీకే తెలుస్తుంది.

జపాన్ వాళ్లకి ఒక్క రాత్రి బస ఒక పద్ధతి. వాళ్ల పాత సత్రాల్లో ఇప్పాకు నిషోకు అని ధర చెప్తారు, ఒక రాత్రి రెండు పూటల తిండి అని అర్థం. మధ్యాహ్నం దాటాక చేరతారు, వేడినీటి స్నానం చేస్తారు, పెట్టింది తింటారు, పడుకుంటారు, పొద్దున మళ్లీ స్నానం చేసి తిని వెళ్తారు. మధ్యలో చూడాల్సిన చోట్ల జాబితా ఉండదు. ఆ కొద్ది గంటల్లో స్నానం, తిండి, నిద్ర మూడే ఉన్నాయంటే అవి చాలు కాబట్టే ఉన్నాయి.

*

రెండోసారి సంక్రాంతి దాటాక వారం రోజులకు పోయాం, మంగళవారం. వారం మధ్యలో పోతే అద్దె తగ్గుతుందని కాదు, తగ్గుతుంది కూడా, కానీ అసలు సంగతి శనివారం పక్క విల్లాలో డీజే ఉంటుందని. కార్తీకం వాయుగుండాల కాలం, వైశాఖం ఎండలకు టైల్సు కాళ్లను కాలుస్తాయి. జనవరి, ఫిబ్రవరే ఆ తీరానికి మంచి నెలలు. చేపలు తాజాగా తినాలని ఉంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా పోకండి, తూర్పు తీరమంతా మరబోట్ల వేట నిషేధం ఉంటుంది.

అయితే జనవరిలో బావకి మిర్చి కోతలు. ఆయన రాలేనన్నాడు. అక్క కూడా రానంది, కూలీలకు చాయ్ ఎవరు పెడతారని. "రెండు రోజులు నేనే పెడత, నువ్వు పో" అని బావ అన్నాడని అక్క మూడుసార్లు నాకు ఫోన్ చేసి చెప్పింది, తనకే నమ్మకం కుదరక.

రైల్లో పోయాం. ఆదిలాబాద్ నుంచి తిరుపతి పోయే కృష్ణా ఎక్స్‌ప్రెస్ జనగామలో ఆగుతుంది, మహబూబాబాద్‌లో ఆగుతుంది, బాపట్లలో, చీరాలలో ఆగుతుంది. మా ముగ్గురి ఊళ్లకూ సముద్రానికీ మధ్య ఉన్న దారి అదొక్కటే అనిపిస్తుంది నాకు. భూపాలపల్లికి రైలు లేదు, తమ్ముడు బస్సులో వరంగల్ వచ్చి ఎక్కాడు. అమ్మ, నేను జనగామలో ఎక్కాం, అక్క మహబూబాబాద్‌లో ఎక్కింది. పెట్టెలోకి అక్క వచ్చి కూర్చున్న క్షణం నుంచే మాకు ట్రిప్పు మొదలైంది. కారులో పోతే ఒకళ్లు నడుపుతూ అలిసిపోతారు, మిగిలినవాళ్లు ఎక్కడ టిఫిన్ చేద్దామని వాదిస్తారు. టైమింగులు మారుతుంటాయి, బుక్ చేసేముందు చూసుకోండి.

రైలు చీరాల చేరుతుంటే తమ్ముడి పిల్లలకు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గురించి చెప్పాను. 1921లో ఆయన నాయకత్వంలో మునిసిపాలిటీ పన్నుకు ఎదురు తిరిగి చీరాల, పేరాల జనం ఇళ్లు వదిలి ఊరి బయట రామనగరం అని పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. "వీళ్లకి కూడా ఊరు విడవనీకి గట్టి కారణమే కావాల్సొచ్చింది" అన్నాడు తమ్ముడు.

గది బుక్ చేసేముందు ఈసారి ఫోన్లో అడిగిన మాటలు చెప్తాను, మీకు పనికొస్తాయి. విల్లా గేటు నుంచి ఇసుక దాకా నడిచి ఎన్ని నిమిషాలు, అని అడగండి. "దగ్గరే సార్" అంటే మ్యాపు లొకేషన్ పంపమనండి, ఉపగ్రహ చిత్రంలో మీరే కొలుచుకోవచ్చు. పూల్ మీ ఒక్కరికేనా, నాలుగు విల్లాలకు కలిపా? లోతు ఎన్ని అడుగులు, ఒక పక్క పిల్లలు నిలబడేంత తక్కువ ఉందా? కరెంటు పోతే జనరేటరు ఏసీకి కూడా ఆడుతుందా? అడ్వాన్సు కాకుండా డిపాజిట్ ఎంత, ఎప్పుడు తిరిగిస్తారు? చెప్పిన ధర పన్నుతో కలిపేనా? 2025 సెప్టెంబరు 22 నుంచి, రోజుకు 7,500 రూపాయల లోపు గదికి జీఎస్టీ 5 శాతం, అంతకు మించితే 18 శాతం. ఎనిమిది వేల గదికి పన్ను 1,440 పడుతుంది. ధర ఆ గీతకు కొంచెం పైన ఉంటే, మంగళవారం పోయి ఏడువేలకు అడిగి చూడటంలో తప్పేం లేదు.

తిండి మాట. ఈసారి వంట వద్దనుకున్నాం. విల్లా చూసుకునే ఆమె ఇంట్లోనే రెండు పూటలు వండి పంపింది. పులుసు కారం మా వైపు కన్నా తక్కువ, అక్క ఇంటి కారం పొడి కలుపుకుంది. ట్రిప్పు మొత్తానికి మేం పెట్టుకున్న నియమం ఒక్కటే: "ఏం వండాలె?" అన్న మాట ఎవరూ అనకూడదు. అన్నవాళ్లు వంద రూపాయలు కట్టాలి. సాయంత్రానికి మరదలు మూడు వందలు కట్టింది పాపం, అలవాటు మాట నోట్లోంచి జారిపోతుంది.

అమ్మ మాత్రం మమ్మల్ని మోసం చేసింది. చీరల కింద దాచి పచ్చి కందికాయల సంచి తెచ్చింది. పూల్ గట్టు మీద కాళ్లు చాపుకుని వొలుస్తూ కూర్చుంది. నేను లాక్కోబోతే "పని చెయ్యనియ్యకపోతే నాకు జరమొస్తది, పో" అంది. మొదట కోపం వచ్చింది. తర్వాత గమనించాను, ఆ కందికాయలు ఎవరూ అడగలేదు, ఏ పూటకూ అక్కర్లేదు, వొలవడం ఆపినా అడిగేవాళ్లు లేరు. మధ్యలో ఆపి పావుగంట సరుగుడు చెట్ల వైపు చూస్తూ ఊరికే కూర్చుంది కూడా. విశ్రాంతి అంటే చేతులు కట్టుకుని కూర్చోవడమని నేను పుస్తకాల్లో చదివి నేర్చుకున్నాను, అమ్మ చదవలేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లని బలవంతంగా ఖాళీగా కూర్చోబెట్టకండి. వాళ్లంతట వాళ్లు పెట్టుకున్న పనిని వాళ్లంతట వాళ్లు ఆపుకోనివ్వండి.

*

రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. చెప్పాను కదా, సగం మెదడు కాపలా. బయటికొస్తే తమ్ముడు పూల్ మెట్ల మీద మోకాళ్ల దాకా నీళ్లలో పెట్టుకుని కూర్చున్నాడు. నైట్ షిఫ్టులు చేసి చేసి వాడికి ఆ వేళ నిద్ర రాదు. పగలు సముద్రం మీంచి నేల మీదికి వీచిన గాలి ఆ వేళకు తిరిగి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. నేల త్వరగా చల్లబడుతుంది, నీరు మెల్లగా చల్లబడుతుంది, అంతే కారణం. సరుగుడు ఆకుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"గనిల నీళ్లంటే దుష్మన్ అక్కా," అన్నాడు వాడు. "రాత్రింబగళ్లు మోటార్లు పెట్టి తోడుతనే ఉంటం. ఆగితే మునుగుతం. ఊరికెనే కాళ్లు పెట్టి కూసునే నీళ్లు నాకు ఇవే ఫస్టు."

అక్కడే నాకు ఆ కేసముద్రం సంగతి అర్థమైంది. మా ముగ్గురికీ నీళ్లంటే పనే. తమ్ముడికి తోడిపోయాల్సిన నీళ్లు. అక్కకి, కరెంటు ఉన్నంతసేపు మోటారు నడిపి మడికి పారించాల్సిన నీళ్లు. అమ్మకి, జనగామలో కరువు ఏండ్లలో ట్యాంకరు దగ్గర బిందె పెట్టి వరసలో నిలబడి తెచ్చిన నీళ్లు. చెరువుని సముద్రమని పిలిచిన నేల మీద నీటిని చూస్తే చేతులు ఊరుకోవు. పూల్లో దిగగానే పిల్లల్ని తోమాలనిపిస్తుంది, బట్టలు జాడించాలనిపిస్తుంది. పని చెప్పని నీళ్ల పక్కన కూర్చోవడం అభ్యాసం మీద వచ్చేదే. మొదటి గంట ఇబ్బందిగా ఉంటుంది. ఆ గంటలో లేచి ఫోన్ పట్టుకుంటే మీ ట్రిప్పు అయిపోయినట్టే. ఓర్చుకోండి.

ఫోను గురించి ఇంతే చెప్తాను: ఒక్క ఫోను మోగేలా ఉంచి, మిగతావన్నీ బీరువాలో పెట్టాం. ఊళ్లో ఎవరికన్నా ఏమన్నా అయితే ఆ ఒక్కదానికి చేస్తారు.

*

నీళ్లలో దిగే జాగ్రత్తలు చెప్పకపోతే ఈ అధ్యాయం రాయడం పాపం. బమ్మెర మన జనగామ జిల్లాలోనే ఉంది, పాలకుర్తి మండలంలో. గజేంద్ర మోక్షాన్ని తెలుగు చేసిన పోతన ఊరు. ఆ ఏనుగు కూడా ఆటకే దిగింది నీళ్లలో.

ప్రైవేటు పూల్ అంటే అక్కడ కాపలా మనిషి ఉండడు, అది గుర్తుంచుకోండి. మునిగే పిల్లవాడు సినిమాలోలా కేకలు వేయడు, చప్పుడు లేకుండా మునుగుతాడు. అందుకని పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపు ఒక పెద్దమనిషి చెయ్యి చాపితే అందేంత దూరంలో నీళ్లలోనే ఉండాలి, పక్కన కుర్చీలో కాదు. అరగంటకొకరు మారండి. మేం మెడలో ఒక ఎర్ర టవలు వేసుకున్నాం, ఎవరి మెడలో టవలు ఉంటే వాళ్లదే డ్యూటీ. మందు తాగినవాళ్లు నీళ్లలో దిగకూడదు, దీనికి బావ, మామ, అల్లుడు అన్న మినహాయింపులు లేవు. రాత్రి పడుకునేముందు పూల్ వైపు తలుపుకు పైగడియ వేయండి.

పూల్ దగ్గర క్లోరిన్ వాసన ఘాటుగా వస్తే శుభ్రంగా ఉందని మనం అనుకుంటాం. నిజానికి చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిసి తయారయ్యే క్లోరమైన్ల వాసన అది. ముందు ఒంటి మీద నీళ్లు పోసుకుని దిగితే వాసన తగ్గుతుంది, కళ్లు మండవు.

సముద్రం సంగతి వేరు. సూర్యలంక, ఓడరేవు, రామాపురం, ఆ తీరమంతా చూడటానికి నిదానంగా ఉంటుంది, ఆ నిదానమే ముంచుతుంది. ఒడ్డుకు వచ్చిన నీరు తిరిగి పోవడానికి ఎక్కడో ఒకచోట సన్నటి దారి చేసుకుంటుంది. అక్కడ అలలు విరగవు, నీరు ప్రశాంతంగా కనబడుతుంది, అక్కడే దిగాలనిపిస్తుంది. రిప్ కరెంట్ అంటారు దాన్ని. లోపలికి లాగేస్తే ఒడ్డు వైపు ఈదకండి, అలిసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకి ఈది ఆ దారి లోంచి బయటపడి, అప్పుడు ఒడ్డుకు రావాలి. ఈత రానివాళ్లు మోకాలు దాటి దిగొద్దు. మా అందరిలో ఈత వచ్చింది తమ్ముడికి ఒక్కడికే, వాడూ వ్యవసాయ బావిలో నేర్చినవాడు. బావికి అల ఉండదు.

పొద్దున అయిదున్నరకే లేచి ఇసుక మీదికి పోయాం. మన తీరం తూర్పుకి ఉంది కనుక పొద్దు పొడుపే ఇక్కడ చూడాలి, సాయంత్రం సూర్యుడు మన వెనక తాటితోపుల్లో పడతాడు. సాయంత్రం బీచ్‌కి పోయి రంగుల సూర్యాస్తమయం కోసం నిలబడ్డవాళ్లని మొదటి ట్రిప్పులో చూశాను. ఆ నిలబడ్డవాళ్లలో మేమూ ఉన్నాం.

*

సముద్రం దాకా పోలేనివాళ్లకి దగ్గర్లోనే దారి ఉంది. లక్నవరం మొన్నమొన్నటి దాకా భూపాలపల్లి జిల్లాలోనే ఉండేది, 2019 ఫిబ్రవరిలో ములుగు వేరే జిల్లా అయింది. కాకతీయుల నాటి ఆ చెరువులో దీవులు ఉన్నాయి, తీగల వంతెన ఉంది, పర్యాటక శాఖ కాటేజీలున్నాయి. 2024 నవంబరులో మూడో దీవి మీద ఈత కొలనులున్న కాటేజీలు కూడా తెరిచారు. చెరువు మధ్య పూల్ ఎందుకని నాకూ అనిపించింది. కానీ చెరువులో దిగనివ్వరు, దిగకూడదు కూడా. అంత ఖర్చు వద్దనుకుంటే పాలంపేటలో రామప్ప చెరువు కట్ట ఉంది. 1213 నాటి గుడి చూసి, చెరువు గాలికి ఒక పూట కూర్చుని, రాత్రికి ఇంటికి రావచ్చు. యునెస్కో 2021లో ఆ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చాక ఆదివారాలు రద్దీ పెరిగింది. వారం మధ్యలో పోండి.

ఎక్కడికి పోయినా తిరిగొచ్చిన రోజు సగం పూటన్నా సెలవు మిగిల్చుకోండి. తడి బట్టలు, ఇసుక నిండిన చెప్పులు, ఖాళీ ఫ్రిజ్ ఇంట్లో ఎదురుచూస్తుంటాయి. ఆ సగం పూట లేకపోతే, దాచుకుని తెచ్చిన నెమ్మది అంతా గుమ్మంలోనే అయిపోతుంది. ఇంకో పని కూడా చేయండి. రైల్లో ఉండగానే వచ్చేసారి ఎప్పుడో అనుకోండి, తేదీ అక్కర్లేదు, నెల చాలు. ట్రిప్పు సంతోషం ముందే మొదలవుతుందని ఆ డచ్చివాళ్ల లెక్క చెప్పింది కదా.

మేం అదే అనుకుంటుండగా ఖమ్మం దాటాక అక్క ఫోన్ మోగింది. బావ. చాయ్‌పత్తి ఎక్కడుందో రెండు రోజులుగా దొరకలేదట, కూలీలకు పక్కింటి నుంచి చాయ్ తెప్పించాడట. అది చెప్పి, ఎండబెట్టిన మిర్చి సంగతి చెప్పి, కాసేపు ఆగి అడిగాడు, "మిర్చి అమ్మినంక ఒకపారి నేనూ రావాల్నా ఏంది? ఆ నీళ్లల్ల లుంగీ మీద దిగనిస్తరా?"

దిగనివ్వరు. నూలు బట్ట నూగు వదిలి ఫిల్టరుకు అడ్డం పడుతుందని చాలాచోట్ల నైలాన్ బట్టలే వేసుకోమంటారు. ఆ మాట అక్క చెప్పింది. అవతల చాలాసేపు చప్పుడు లేదు.

"మరి నైలాన్ నిక్కరు మానుకోటల దొరుకుతదా?" అన్నాడు బావ.